నిమరకండి, చెయ్యి పెట్టి ఉంచండి

నెలలు నిండకుండా పుట్టిన మా పాపను మొదటిసారి ముట్టుకున్న రోజు నాకు బాగా గుర్తు. పుట్టి మూడో రోజు. మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని, గౌను వేసుకుని, గాజుపెట్టెకి (ఇంక్యుబేటర్‌కి) పక్కనున్న గుండ్రటి కిటికీలోంచి చెయ్యి లోపల పెట్టాను. పాప ముంజెయ్యి నా చూపుడువేలంత కూడా లేదు. ఏ పసిబిడ్డనైనా ఎలా ముద్దు చేస్తామో అలాగే వీపు మీద రెండు వేళ్లతో మెల్లగా నిమిరాను. పాప రెండు చేతులూ పక్కలకు విసిరేసింది. వేళ్లు విడివిడిగా, తాటాకు విసనకర్రలా విచ్చుకున్నాయి. వీపు వెనక్కి విల్లులా వంగింది. ఎర్రగా ఉన్న ఒళ్లు మచ్చలు మచ్చలుగా పాలిపోయింది. పైన మానిటర్‌లో 94 ఉన్న ఆక్సిజన్ అంకె 88, 83, 79కి పడిపోయి గంట మోగింది. భయపడి చెయ్యి లాగేసుకున్నాను. అలా లాగేయడం కూడా తప్పేనని తర్వాత తెలిసింది.

పెద్ద సిస్టర్ వచ్చారు. కోప్పడలేదు. "నిమరకండి బాబూ. చెయ్యి పెట్టి ఉంచండి, కదపకండి" అన్నారు. తన చేతులు రుద్దుకుని వెచ్చబెట్టుకుని, ఒక అరచెయ్యి పాప తల చుట్టూ టోపీలా, రెండోది ముడిచిన కాళ్ల దగ్గర గిన్నెలా పెట్టి అలాగే ఉండిపోయారు. నొక్కలేదు, తట్టలేదు, ఊపలేదు. రెండు నిమిషాలు పట్టింది. విచ్చుకున్న వేళ్లు ఒక్కొక్కటే ముడుచుకున్నాయి. అంకె మళ్లీ 93కి వచ్చింది. అప్పుడు కూడా ఆవిడ ఒక్కసారిగా తియ్యలేదు. ముందు కాళ్ల దగ్గరి చెయ్యి తీసి, కాసేపు ఆగి, తర్వాత తల దగ్గరిది తీశారు.

నెలలు నిండని బిడ్డ ఐసీయూలో ఉండి, బయట బెంచీ మీద ఫోన్‌లో ఇది చదువుతున్నవాళ్లు ఎవరైనా ఉంటే, నాకు మూడో రోజున తెలిసింది వాళ్లకు మొదటి రోజే తెలియాలని రాస్తున్నాను.

మాది కోనసీమలో మురమళ్ల దగ్గర పల్లె. రొయ్యల చెరువులు చేస్తాను. 2023 జూలై ఆఖరు, గోదారి ఎర్రనీళ్లతో నిండుగా ఉంది. మా ఆవిడకి ఏడో నెల. కాళ్లు వాచాయి, తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు అంటే అమలాపురం తీసుకెళ్లాం. బీపీ చాలా ఎక్కువగా ఉందన్నారు. బిడ్డ ఊపిరితిత్తుల కోసమని తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇచ్చారు. బీపీ దిగలేదు, ఆపరేషన్ చేసేశారు. 29 వారాలు, 1,180 గ్రాములు. తల్లి అమలాపురంలో మంచం మీద, పాప అంబులెన్స్‌లో కాకినాడకి. ఎదుర్లంక వంతెన, యానాం, తాళ్లరేవు, కోరంగి... రోజూ తిరిగే రోడ్డే. ఆ రోజు ఎంతకీ తరగలేదు. వంతెన మీద బండి కుదిపినప్పుడల్లా వెంట వచ్చిన సిస్టర్ పెట్టెలో చెయ్యి పెట్టి పాప తలను గుండ్రంగా పట్టుకున్నారు. అదెందుకో అప్పుడు నాకు తెలియదు.

తర్వాత తల్లి వచ్చేదాకా ఎనిమిది రోజులు ఆ పెట్టె దగ్గర నేనొక్కడినే. పురుడు వెళ్లలేదు, పదకొండో రోజు స్నానం కాకుండా తండ్రి ముట్టుకోవడమేమిటని మా మామ్మ ఫోన్‌లో అంది. ఇక్కడ ముట్టుకోవడానికి ఇంకెవరూ లేరు మామ్మా అన్నాను. ఆవిడ మరి మాట్లాడలేదు.

స్ట్రెస్ అనే మాట మా ఆక్వా రైతులకు కొత్త కాదు. రొయ్య స్ట్రెస్‌లో ఉంది అని రోజుకు పదిసార్లు అనుకుంటాం. సీడ్ సంచులు, అంటే రొయ్యపిల్లల సంచులు, రాగానే విప్పి చెరువులో ఒంపెయ్యం. ముందు మూటలు మూటలుగానే నీళ్ల మీద తేలనిస్తాం, లోపలి వేడీ బయటి వేడీ ఒకటయ్యాక కొంచెం కొంచెం చెరువు నీళ్లు కలిపి అప్పుడు వదులుతాం. డాక్టరు గారు పాప గురించి చెబుతుంటే నాకు అర్థమైంది ఆ దారిలోనే. నీళ్లలో, చీకట్లో, చుట్టూ మెత్తటి గోడ ఆనుకుని ముడుచుకుని ఉండాల్సిన ప్రాణాన్ని ఇంకా పదకొండు వారాలుండగానే లైట్ల కింద, చప్పుళ్ల మధ్య, బల్లపరుపు పక్క మీద పెట్టాం. చెయ్యి చాస్తే అందడానికి గోడ లేదు. ఏది పట్టించుకోవాలో ఏది వదిలెయ్యాలో వడకట్టుకునే శక్తి ఆ మెదడుకి ఇంకా రాలేదు. మనకు నిమరడమనిపించేది ఆ చర్మానికి గరుకు. ఉలిక్కిపడిన ప్రతిసారీ గుండె వేగం పెరుగుతుంది, ఆక్సిజన్ పడుతుంది, ఒళ్లు చెయ్యడానికి వాడుకోవలసిన శక్తి దానికి ఖర్చవుతుంది. గ్రాము గ్రాము లెక్కపెట్టుకునే చోట అది చిన్న నష్టం కాదు.

మా పాప ఏడ్చేది కాదు, అంత బలం లేదు. అందుకని వేళ్లు చూడమన్నారు సిస్టర్. మేత లెక్కలు రాసుకునే నోట్‌బుక్ వెనక పేజీల్లో చూసినవి చూసినట్టు రాయడం మొదలుపెట్టాను. వేళ్లు విసనకర్రలా విచ్చుకుంటే చాలు, ఆపమని. అరచెయ్యి మొహానికి అడ్డం పెట్టుకుంటే అదే మాట ఇంకొంచెం గట్టిగా. కాళ్లు గాలిలోకి బిర్రుగా చాపడం, వీపు విరుచుకోవడం, రంగు మారడం, చూపు పక్కకు తిప్పేసుకోవడం. ఎక్కిళ్లూ, తుమ్ములూ, ఆవులింతలూ కూడా ఒకటి వెంట ఒకటి వస్తుంటే అలిసిపోయిందనే. నేను ఆవులిస్తుంటే నిద్రొస్తోందని మురిసిపోయి మాటలు చెబుతూ కూర్చున్న రోజులున్నాయి. ఆ బాధ నాకింకా ఉంది. నెమ్మదిగా ఉన్నప్పటి గుర్తులు వేరు. చెయ్యి నోటి దగ్గరికి తెచ్చుకుంటుంది, రెండు చేతులూ జోడిస్తుంది, పాదాలు గుడ్డకి తన్నిపెట్టుకుంటుంది, వేలు అందిస్తే పట్టుకుంటుంది. ఇలా బిడ్డ ఒంటి భాషను చదవాలని 1980లలో పద్ధతిగా చెప్పినావిడ హైడెలీసా ఆల్స్ అని తర్వాత చదివాను. మా సిస్టర్‌కి ఆ పేరు తెలుసో లేదో అడగలేదు. పని మాత్రం ఆవిడకి చేతుల్లో ఉంది.

పాప చుట్టూ గూడు కట్టింది కూడా ఆవిడే. మెత్తటి పాత నూలు గుడ్డ పొడవుగా మెలితిప్పి, కాళ్ల కింద నుంచి రెండు పక్కలకీ వచ్చేలా పేర్చారు. మా అత్తయ్యగారు తర్వాత అద్దంలోంచి చూసి, "చుట్టకుదురులా ఉంది అల్లుడుగారూ, కుండ దొర్లకుండా పెట్టేది" అన్నారు. సరిగ్గా అదే. ఆ కుదుట్లో ముడుచుకున్నాక పాప విసిరికొట్టడం సగానికి తగ్గింది. పాదాలకి ఆనుకోవడానికి ఏదో ఒకటి దొరికింది.

చప్పుడు సంగతి మాత్రం మనసు కష్టంగానే రాయాలి. ఏ ఆసుపత్రి అన్నది చెప్పను, అక్కడే మా పాప బతికింది. కానీ రాత్రి షిఫ్టులో ఫోన్లు పూర్తి సౌండుతో మోగేవి. ట్యూబులైట్లు తెల్లవార్లూ వెలిగేవి. ఒకరోజు ఒకమ్మాయి స్టీలు ట్రే తెచ్చి గాజుపెట్టె మీద పెట్టింది. బయట నాకు వినపడింది చిన్న టక్కు. లోపల పాప రెండు చేతులూ ఎగరేసి వణికింది. పెట్టె మీద ఏం పెట్టినా, కిటికీ తలుపు వదిలేసినా, వేళ్లతో తట్టినా లోపల ఆ మోత ఎన్నో రెట్లు. పిల్లలున్న చోట శబ్దం 45 డెసిబెల్స్ దాటకూడదని అమెరికాలో పిల్లల డాక్టర్ల సంఘం 1997లోనే చెప్పింది. మనం మామూలుగా మాట్లాడుకునే మాటే 60 దాకా ఉంటుంది. నేను గొడవ పడలేదు. పెద్ద సిస్టర్‌తో చెప్పాను. మర్నాటి నుంచి పెట్టె మీద మా ఆవిడ నూలు చీర నాలుగు మడతలు వేసి కప్పారు, ముందు వైపు పాప కనిపించేంత వదిలి. కొంత వెలుతురు తగ్గింది. దాని మీద ఎవరికీ ఏదీ పెట్టాలనిపించలేదు కూడా. రాత్రి పది దాటాక ఆ వైపు లైట్లు ఆపించారు ఆవిడ. అడిగితే కుదిరే పనులు ఇన్ని ఉన్నాయని నాకు ముందు తెలియలేదు.

తండ్రికి లోపలికి రోజుకు రెండుసార్లు, పదేసి నిమిషాలే అన్నది మొదటి రూలు. దాని మీద నాకు ఇప్పటికీ కోపమే. చేతులు కడుక్కున్న తల్లిదండ్రుల వల్ల బిడ్డకి నష్టమని ఎవరూ నాకు చూపించలేదు. బిడ్డ సంరక్షణలో కుటుంబాన్ని కలుపుకోవాలని కేంద్ర ఆరోగ్యశాఖ 2017లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. ఆరో రోజు నుంచి డాక్టరు గారు గంటల లెక్క పెంచారు.

మడమ దగ్గర సూది గుచ్చడం రోజూ ఉండేది. షుగర్ పరీక్షకు రక్తం బొట్టు కావాలి. మొదట్లో నన్ను బయటికి పంపేసేవారు. బయట నిలబడితే వినపడేది ఏడుపు కాదు, పిల్లి కూనలాంటి చిన్న మూలుగు. ఒకప్పుడు ఇంత చిన్నపిల్లలకి నొప్పి తెలియదనుకుని మత్తు సరిగా ఇవ్వకుండానే ఆపరేషన్లు చేసేవారట. ఇండోర్‌లో డాక్టరీ చదివి ఆక్స్‌ఫర్డ్ వెళ్లిన కన్వల్‌జీత్ ఆనంద్ అనే ఆయన, మత్తు సరిగా ఇచ్చిన పిల్లలూ ఇవ్వని పిల్లలూ ఎలా తట్టుకున్నారో చూసి, 1987లో అది తప్పని రుజువు చేశారు. నెలలు నిండనివాళ్లకి నొప్పి ఇంకా ఎక్కువ తెలుస్తుందని, తగ్గించుకునే ఏర్పాటు ఒంట్లో ఇంకా తయారు కాలేదని మా డాక్టరు గారు చెప్పారు. ఆ మాట విన్నాక నేను బయటికి వెళ్లనన్నాను.

అప్పుడు నాకు పని ఇచ్చారు. మా బావమరిది పొద్దున్నే అమలాపురం నుంచి బస్సులో వచ్చేవాడు, థర్మాకోల్ పెట్టెలో ఐసు, ఐసులో మరిగించిన చిన్న సీసాలు, సీసాల్లో అక్క పాలు. చేపల వాసన తగలకూడదని కొత్త పెట్టె కొన్నాం. మొదటి నాలుగు రోజులూ ముర్రుపాలే, పసుపుపచ్చగా, అడుగున ఇంత. సూదికి రెండు నిమిషాల ముందు సిస్టర్ ఆ పాలు రెండు మూడు బొట్లు పాప నాలుక మీద వేసేవారు. నేను రెండు చేతులతో పాపను ముడిచి పట్టుకునేవాణ్ణి, గుచ్చే కాలు ఒక్కటి బయటికి ఉంచి. సూది దిగేటప్పుడు కాలు లాక్కునేది, మొహం ముడుచుకునేది, అంతే. పది లెక్కపెట్టేలోపు నాలుక చప్పరించడం మొదలుపెట్టేది. కొన్నిచోట్ల చక్కెర ద్రావణం వేస్తారు. అది డాక్టరు కొలిచి ఇచ్చేది, ఇంట్లో కలిపి తెచ్చేది కాదు. ఇంకొకటి కూడా సిస్టర్ అడిగి చేయించారు. బరువు, గుడ్డ మార్చడం, సూది, జ్వరం చూడటం గంటకొకటి కాకుండా ఒకేసారి కలిపి చేసి, మధ్యలో పాపను రెండు మూడు గంటలు పడుకోనివ్వడం. మధ్యలో వేళ్లు విచ్చుకుంటే మాత్రం మిగతావి వాయిదా.

ఎనిమిదో రోజు మా ఆవిడ వచ్చింది, కుట్లు పట్టుకుని అడుగులో అడుగేసుకుంటూ. పెట్టె దగ్గర నిలబడి చాలాసేపు ఏమీ అనలేదు. "ఏమండీ, నన్ను గుర్తుపడుతుందా?" అంది. అంతకు ముందే వాసన పంపించాం. తను రాత్రంతా రొమ్ము దగ్గర పెట్టుకున్న ఉతికిన నూలు గుడ్డ ముక్కను రోజూ పాప బుగ్గ పక్కన పెట్టేవారు. పౌడరు, తలనూనె, మల్లెపూలు, అత్తరు ఏమీ వద్దన్నారు. అమ్మ వాసన ఒక్కటే ఉండాలి.

మర్నాడు కంగారూ కేర్, అంటే బిడ్డను ఒంటికి ఒళ్లు ఆనించి ఉంచడం. ముక్కుకి సన్న గొట్టంతో ఆక్సిజన్ ఇంకా వెళ్తోంది. కుర్చీ వెనక్కి వాల్చి తనని కూర్చోబెట్టి, జాకెట్టు విప్పించి, పాపకి టోపీ, గుడ్డ మాత్రం ఉంచి రొమ్ముల మధ్య నిలువుగా పెట్టారు. కాళ్లూ చేతులూ కప్పలా ముడిచి, తల ఒక పక్కకు తిప్పి, గాలి ఆడేలా గడ్డం కాస్త పైకి. పైనుంచి గుడ్డతో కట్టారు. పెట్టెలోంచి తీసేటప్పుడు పాప విలవిల్లాడింది, అంకె 85కి వచ్చింది. అందుకే ఒకసారి పెట్టుకుంటే గంటకి తగ్గకుండా ఉంచాలంటారు, ఆ తీసి పెట్టే కష్టానికి ఫలితం దక్కాలి కదా. పావుగంటకి పాప చెయ్యి ఒకటి తల్లి మెడ కింద ఎముక మీదకి వచ్చి అక్కడే ఆగింది. మానిటర్‌లో అంతవరకూ ఎగుడుదిగుడుగా నడిచిన గీత సర్దుకుంది. 96. ముప్పావుగంట సేపు ఒక్క గంటా మోగలేదు. పుట్టాక అంతసేపు గంట మోగకుండా ఉండటం అదే మొదటిసారి. మా ఆవిడ ఊపిరి కూడా మెల్లగా తీసుకుంటోంది. కళ్లనీళ్లు పాప టోపీ మీద పడతాయని నా తువ్వాలు అడిగింది.

ఇది 1978లో కొలంబియాలోని బొగోటాలో, ఇంక్యుబేటర్లు చాలక, ఎడ్గర్ రే అనే డాక్టరు మొదలుపెట్టిన పద్ధతి. ఇప్పుడు పెట్టెలున్న దేశాలూ చేస్తున్నాయి. మన దేశంతో కలిపి ఐదు దేశాల్లో చేసి 2021లో బయటపెట్టిన పరిశోధనలో, బరువు తక్కువ పిల్లలకి పుట్టిన వెంటనే ఇది మొదలుపెడితే చావులు నాలుగో వంతు తగ్గాయి. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పుట్టగానే మొదలుపెట్టి రోజుకు 8 నుంచి 24 గంటలు చెయ్యమంది. మాకు తొమ్మిదో రోజుకి కుదిరింది. తల్లి తినాలి, పాలు తియ్యాలి, కుట్ల నొప్పి. ఆ మిగిలిన గంటలు నావి. ముందు గుండీలున్న చొక్కా వేసుకుని నేనూ కూర్చున్నాను. మగవాళ్లు కూడానా అని బయట బెంచీ మీద ఒక పెద్దావిడ ఆశ్చర్యపోయింది. నా ఛాతీ మీద 1,240 గ్రాములు. ఆ బరువు తెలియలేదు, వేడి తెలిసింది. నేను మాట్లాడితే ఆ గొంతు అదురుకే చెవి ఆనించుకునేది. చెరువు దగ్గర తమ్ముడు చెప్పిన లెక్కలే చెప్పేవాణ్ణి, నెమ్మదిగా, ఒకే స్వరంతో.

అన్ని రోజులూ ఇలా సాగలేదు. మూడో వారంలో కంటి పరీక్ష. ఇంత తక్కువ బరువుతో పుట్టినవాళ్లకి కంటి వెనక రక్తనాళాలు చూడాల్సిందే, అది మానకూడదు. కానీ రెప్పలు క్లిప్పుతో తెరిచి ఉంచడం, ఆ వెలుగు... చుక్కల మందు వేశాక కూడా పాప ఓర్చుకోలేకపోయింది. నేను ముడిచి పట్టుకునే ఉన్నాను. ఆ రాత్రి రెండుసార్లు ఊపిరి ఆపేసింది. సిస్టర్ అరికాలు మీద వేలితో తట్టగానే మళ్లీ తీసుకుంది. తెల్లవారి డాక్టరు గారు ఆ రోజు ఇంకేమీ చెయ్యొద్దన్నారు, తల్లి దగ్గర ఉంచమన్నారు, అంతే. ఐదు గంటలు మా ఆవిడ కదల్లేదు. కళ్లకి ఏమీ లేదని తర్వాత చెప్పారు.

పాలు గొట్టం నుంచి ఉగ్గుగిన్నెకి వచ్చేసరికి 33 వారాలు దాటాయి. మా అత్తయ్యగారికి ఉగ్గుగిన్నె చూస్తే ప్రాణం లేచివచ్చింది, ముగ్గురు పిల్లల్ని పెంచిన చెయ్యి ఆవిడది. తొందరగా పట్టెయ్యబోయారు. "ఆగండత్తయ్యగారూ, వేళ్లు చూడండి" అన్నాను. వేళ్లు విచ్చుకున్నాయి. గిన్నె వెనక్కి తీసి ఆగారు. పాప మింగి, ఊపిరి తీసుకుని, మళ్లీ నోరు తెరిచింది. ఆ తర్వాత నాకంటే ఆవిడే బాగా చూసేవారు.

నలభై ఏడో రోజున 1,810 గ్రాములతో ఇంటికి వచ్చాం. కాళ్ల మీద పడుకోబెట్టి నలుగు పెట్టి నీళ్లు పొయ్యాలని, సాంబ్రాణి పొగ వెయ్యాలని మామ్మ అన్నీ సిద్ధం చేసి ఉంచింది. పొగ వద్దని, నీళ్లు పోయడం బరువు పెరిగాకే అని, అప్పుడు కూడా గుడ్డలో చుట్టి కొంచెం కొంచెం విప్పుతూ తుడవాలని చెప్పాం. చిన్నబుచ్చుకుంది. ఒళ్లు రుద్దకుండా చెయ్యి ఊరికే పెట్టి ఉంచు మామ్మా అని చూపించాను. కడిగిన చెయ్యి వెచ్చబెట్టుకుని పాప తల మీద పెట్టి కూర్చుంది. ఎనభై ఏళ్ల చెయ్యి, మామూలుగా వణుకుతుంది. అప్పుడు వణకలేదు.

ఇంటికొచ్చిన వారానికే వినాయక చవితి. మా ఇంటికి నాలుగిళ్ల అవతల పందిరి. మైకు సెట్టు టెస్టింగు అనగానే పాప చేతులు ఎగరేసింది. కుర్రాళ్ల దగ్గరికి వెళ్లాను. పండగ ఆపమని అడగడానికి కాదు. పాప ఎంత ఉందో చేతులతో చూపించాను, ఏం జరిగిందో చెప్పాను. వాళ్లలో ఒకడు నిచ్చెన వేసుకుని స్తంభం ఎక్కి హారన్లు రెండూ మా ఇంటి వైపు నుంచి కాలవ వైపు తిప్పాడు. "చాలా బాబాయ్, ఇంకా తగ్గించనా?" అని పైనుంచి అరిచాడు. నేను ఇంట్లోకి వచ్చి తలుపు దగ్గరగా వేసి వేళ్లు చూశాను. ఒక చెయ్యి ఇంకా తెరిచే ఉంది. రెండోది నోటి దగ్గరికి వెళ్తోంది. బయటికి వెళ్లి, ఇంకొంచెం తగ్గించమన్నాను.